స్కూబా నేర్చుకునే ముందు అడగాల్సింది చేపల గురించి కాదు

స్కూబా, అంటే గాలి సిలిండర్ వీపున కట్టుకుని నీటి అడుగున తిరగడం, నేర్చుకోవాలన్న ఆలోచన వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే: "ఎక్కడ నేర్చుకుంటే బాగుంటుంది?" జవాబు చెప్పేవాళ్లకూ కొదవ లేదు. థాయ్‌లాండ్‌లో కో టావో అంటారు ఒకరు. ఈజిప్టులో దహాబ్‌ను మించింది లేదంటారు ఇంకొకరు. హోండురస్‌లోని ఊటీలా, అండమాన్‌లోని హావ్‌లాక్, ఇలా పేర్లు వరసపెట్టి వస్తాయి. ప్రతి పేరు వెనకా ఒక తాబేలో, పగడాల దిబ్బో, ఒక మంచి ఫొటోనో ఉంటుంది. అవన్నీ మంచి చోట్లే, కాదనను. కాకపోతే డైవింగ్ చేయడానికి బాగుండే చోటు వేరు, నేర్చుకోవడానికి బాగుండే చోటు వేరు. మొదటి కోర్సులో మీ ధ్యాసంతా మాస్క్‌లోకి వస్తున్న నీళ్ల మీద, బిగుసుకుపోతున్న చెవుల మీద, ఇన్‌స్ట్రక్టర్ చేతి సైగల మీద ఉంటుంది. పక్కనుంచి తాబేలు వెళ్లినా, పైకి వచ్చాక ఎవరో చెబితేగానీ తెలియదు.

అందుకే ఊరి పేరు చివర్లో తేల్చుకోండి అంటాను. ముందు తేలాల్సినవి ఎవరి దగ్గర నేర్చుకుంటున్నాం, వాళ్లు మనకు ఎంత టైమ్ ఇస్తారు అన్న రెండు. దీనికి కారణం ఈ కోర్సులు తయారైన తీరులోనూ, అమ్ముడయ్యే తీరులోనూ ఉంది. ఆ రెండింటికీ పొసగదు.

ఓపెన్ వాటర్ అని పిలిచే మొదటి కోర్సులో మూడు భాగాలుంటాయి. చదువు ఒకటి: పుస్తకమో, ఆన్‌లైన్ పాఠాలో, చివర పరీక్ష. రెండోది స్విమ్మింగ్ పూల్‌లోనో, పూల్ లాంటి నిలకడైన నీళ్లలోనో ఒక్కొక్క పనీ నేర్చుకోవడం. మూడోది సముద్రంలోనో సరస్సులోనో అవే పనులు చేసి చూపించడం, మామూలుగా 4 డైవులు. పాడి (PADI) అనే శిక్షణ సంస్థ కోర్సు అయితే ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, లేదా మాస్క్, ఊపిరికి స్నార్కెల్ గొట్టం, కాళ్లకు ఫిన్స్ పెట్టుకుని 300 మీటర్లు. టైమ్ లెక్క లేదు, ఏ పద్ధతిలో ఈదినా ఫరవాలేదు. ఆపైన 10 నిమిషాలు ఏ ఆధారమూ లేకుండా నీళ్ల మీద తేలుతూ ఉండాలి. ఇదంతా అయితే 18 మీటర్ల లోతు వరకూ, తోడుగా ఇంకో డైవర్ ఉంటే, ఇన్‌స్ట్రక్టర్ లేకుండా దిగడానికి అర్హత వచ్చినట్టు. ఆ చివరి మాట మరోసారి చదవండి. ఇన్‌స్ట్రక్టర్ లేకుండా. కోర్సు అయ్యాక ఇచ్చే కార్డు చెప్పేది అదే. కార్డు చేతికొచ్చిన చాలామంది ఆ పని చేయగల స్థితిలో ఉండరని డైవింగ్‌లో ఉన్న ఎవర్ని అడిగినా ఒప్పుకుంటారు.

ఎందుకలా? నియమాలు సడలిపోయి కాదు. నియమాల పుస్తకం తీస్తే అందులో ఉన్నది గట్టిగానే ఉంది: ప్రతి పనినీ కంగారు లేకుండా, తడబడకుండా, మళ్లీ మళ్లీ చేయగలిగితేనే అది వచ్చినట్టు. ఒకసారి ఎలాగో గట్టెక్కితే చాలదు. అంటే కోర్సు కొలిచేది నైపుణ్యాన్ని. కానీ బోర్డు మీద రాసేది "3 రోజుల కోర్సు" అని. కొన్నిచోట్ల ఇంకా తక్కువ. మూడో రోజు సాయంత్రానికి మీకు పని రాకపోతే ఏం చేస్తారు? నియమం ప్రకారం ఇంకో రోజు నేర్పాలి. ఇన్‌స్ట్రక్టర్‌కేమో మర్నాడు పొద్దున్నే కొత్త బ్యాచ్ ఉంటుంది, మీకేమో ఫ్లైట్ ఉంటుంది. ఇద్దరికీ "అయిపోయింది" అనుకోవడంలోనే లాభం ఉంది. ఎవరూ మోసం చేయనక్కర్లేదు, ఎవరూ చెడ్డవాళ్లు కానక్కర్లేదు. టైమ్ చాలకపోవడం ఒక్కటే చాలు.

చెప్పుకోడానికి చిన్నదిగా కనిపించే ఒక పని తీసుకుందాం. మాస్క్‌లో నీళ్లు నింపి ఖాళీ చేయడం. కాగితం మీద రెండే వాక్యాలు: తల కొంచెం పైకెత్తి, మాస్క్ పై అంచును వేళ్లతో నుదుటికి అదిమిపట్టి, ముక్కుతో గాలి వదలండి, ఆ గాలి పైన నిండుతుంటే నీళ్లు కింది అంచు నుంచి బయటికి పోతాయి. అసలు కష్టం దానికి ముందుంది. నీళ్లు ముక్కును తాకగానే శరీరం ఊపిరి బిగబడుతుంది, లేదా పుట్టినప్పటినుంచీ ఉన్న అలవాటు కొద్దీ ముక్కుతో పీలుస్తుంది. పీలిస్తే నీళ్లు గొంతులోకి. నోట్లో సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్ ఉంది, గాలి నిక్షేపంగా వస్తోంది, అయినా మెదడు మునిగిపోతున్నానని కేకలు పెడుతుంది. ముక్కును పక్కనబెట్టి నోటితోనే ఊపిరి ఆడించుకోవడం అనే ఆ ఒక్క అలవాటు కొందరికి రెండు నిమిషాల్లో వస్తుంది, కొందరికి రెండు పూటలు పడుతుంది. తెలివికీ ధైర్యానికీ దాంతో సంబంధం లేదు.

నాతోపాటు నేర్చుకున్న ఒకావిడకు ఇది అస్సలు పడలేదు. మాస్క్ సగం నిండగానే చటుక్కున లేచి నిలబడేది. మా ఇన్‌స్ట్రక్టర్ ఆవిణ్ని మా నుంచి విడదీసి నడుము లోతు నీళ్లలోకి తీసుకెళ్లాడు. మాస్క్ తీసి పక్కన పెట్టించాడు. "మునగొద్దండి. మొహం మాత్రం నీళ్లలో పెట్టి రెగ్యులేటర్‌తో ఊపిరి తీసుకోండి. ఇబ్బందైతే తల ఎత్తేయండి, ఏం కాదు" అన్నాడు. మొదట ఒకటి రెండు ఊపిర్లకే తల ఎత్తేసింది. తర్వాత నాలుగైదు ఆగింది. తర్వాత మొహం నీళ్లలో ఉండగానే మెల్లగా అంకెలు లెక్కపెట్టించాడు. మాస్క్ మాటే ఎత్తలేదు. ఆ పూటంతా దానికే పోయింది, మిగతా వాళ్లం అసిస్టెంట్‌తో వేరే పనులు చేసుకున్నాం. మర్నాడు ఆవిడే మాస్క్ పూర్తిగా తీసి, మళ్లీ పెట్టుకుని, నీళ్లు వదిలేసి, కళ్లు తెరిచి ఓకే సైగ చేసింది. కోర్సు అనుకున్నదానికంటే ఆలస్యంగా ముగిసింది. ఎవరూ సణగలేదు, ఎందుకంటే ఆలస్యం కావచ్చని మొదటిరోజే చెప్పి ఉంచారు.

అదే పూల్‌లో అవతలి పక్క ఇంకో బ్యాచ్ ఉండేది. అక్కడ ఒక కుర్రాడికి సరిగ్గా ఇదే తంటా. వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ అతని భుజం తట్టి "ఫరవాలేదు తమ్ముడూ, సముద్రంలో చేసేద్దాంలే" అన్నాడు. ఎంతో ఆప్యాయంగా అన్నాడు. నాకు మాత్రం వెన్ను జలదరించింది.

ఎందుకంటే పూల్‌లో చటుక్కున లేచి నిలబడే మనిషి సముద్రంలో చటుక్కున పైకి లేస్తాడు. స్కూబాలో అన్నిటికంటే మొదట చెప్పే నియమం ఊపిరి బిగబట్టకూడదని. నీటి ఉపరితలం దగ్గర మన మీద ఉండేది 1 అట్మాస్ఫియర్ ఒత్తిడి. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఇంకొకటి చేరుతుంది. 10 మీటర్ల దగ్గర 2, 20 దగ్గర 3. రెగ్యులేటర్ ఆ లోతుకు తగిన ఒత్తిడితోనే గాలి ఇస్తుంది, కాబట్టే ఛాతీ మీద అంత బరువున్నా హాయిగా ఊపిరాడుతుంది. అలా 10 మీటర్ల దగ్గర నిండా పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది. గొంతు తెరిచి, ఊపిరి ఆడుతూ ఉంటే అది దానంతట అదే పోతుంది. భయంతో గొంతు బిగిస్తే పోవడానికి దారి ఉండదు, ఊపిరితిత్తులు చిట్లుతాయి. దీనికి పెద్ద లోతు కూడా అక్కర్లేదు. నిండా పీల్చి బిగబట్టి మీటరు పైచిలుకు లోతు నుంచి లేచినా ప్రమాదం జరగవచ్చు. ఒత్తిడి మార్పు నిష్పత్తిలో చూస్తే అన్నిటికంటే ఎక్కువ ఉండేది పై 10 మీటర్లలోనే. "లోతు తక్కువే కదా" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు ఏజెన్సీల గొడవ, అంటే ఈ కోర్సులు తయారుచేసి కార్డులిచ్చే సంస్థలది. పాడి మంచిదా, ఎస్‌ఎస్‌ఐ మంచిదా, బ్రిటిష్ వాళ్ల బీఎస్‌ఏసీ మంచిదా అని పేజీలకు పేజీలు వాదించుకుంటారు. ఇన్‌స్ట్రక్టర్ తోడు లేకుండా డైవ్ చేయగలిగే మొదటి స్థాయికి ఐఎస్‌ఓ 24801-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పాడి, ఎస్‌ఎస్‌ఐ ఓపెన్ వాటర్ కోర్సులు రెండూ దాని కిందికే వస్తాయి. వీటిలో ఏ కార్డైనా దాదాపు అన్నిచోట్లా చెల్లుతుంది. ఒకే ఏజెన్సీలో గొప్ప ఇన్‌స్ట్రక్టర్లూ ఉంటారు, ఎలాగో నెట్టుకొచ్చేవాళ్లూ ఉంటారు. కాబట్టి ఈ వాదనకు ఇంతకంటే టైమ్ ఇవ్వను. ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోదగ్గది: క్లబ్బుల పద్ధతిలో నేర్పేచోట, బీఎస్‌ఏసీ అలాంటిదే, వారానికో సాయంత్రం చొప్పున నెలల తరబడి సాగుతుంది. విసుగనిపిస్తుంది. కానీ ఈ వారం రానిది వచ్చే వారం వస్తుంది, ఎవరి ఫ్లైటూ మిస్సవదు.

అలాంటి క్లబ్బు అందరికీ దగ్గర్లో ఉండదు. దానికి దగ్గరగా వచ్చే ఇంకో దారి ఉంది, ఎందుకో చాలామందికి తెలియదు. చదువు, పూల్ భాగం మీకు దగ్గరగా ఉన్న సెంటర్‌లో తీరిగ్గా పూర్తి చేసి, ఆ కాగితాలు పట్టుకెళ్లి సముద్రంలో చేయాల్సిన 4 డైవులు ఇంకోచోట చేయడం. దీన్ని రెఫరల్ అంటారు. పాడి వాళ్లయితే దీనికి 12 నెలల గడువిస్తారు. నా ఓటు దీనికే. పూల్ పాఠాలు వారం వారం సాగితే మధ్యలో శరీరం దానంతట అదే సర్దుకుంటుంది. సెలవులో వెళ్లినప్పుడు సముద్రం మాత్రమే కొత్త, పరికరాలు కొత్త కావు. దీనికీ ఒక లోపం ఉంది, దాచను: పూల్‌లో నేర్పిన మనిషి సముద్రంలో ఉండడు. కొత్త ఇన్‌స్ట్రక్టర్‌కు మీ బలహీనత ఏమిటో తెలియదు. కాబట్టి వెళ్లగానే మీరే చెప్పాలి. మంచివాళ్లయితే అసలు డైవుకు ముందు లోతు తక్కువ నీళ్లలో ఒకసారి అన్నీ చేయించి చూస్తారు. అలా చూడకుండా నేరుగా పడవ ఎక్కిస్తామంటే అనుమానించండి.

చల్లటి, మసక నీళ్లలో నేర్చుకున్నవాడు ఎక్కడైనా డైవ్ చేయగలడు, వెచ్చటి నీళ్లలో నేర్చుకున్నవాడు ఇంకెక్కడా చేయలేడు అని ఒక వాదన ఉంది. ఇందులో నిజం లేకపోలేదు. మందపాటి సూటు, గ్లవ్స్, చేయి చాపితే వేళ్లు కనిపించని నీళ్లు, వీటిలో నేర్చుకున్నవాళ్లకు క్రమశిక్షణ బాగా అబ్బుతుంది. కానీ కష్టం ఎక్కువైతే చదువు ఎక్కువవుతుందన్నది నేను ఒప్పుకోను. నీరు గాలికంటే 20 రెట్లకు పైగా వేగంగా ఒంట్లోంచి వేడిని లాగేస్తుంది. వణుకుతున్న మనిషికి పాఠం బుర్రకెక్కదు, ఎప్పుడు బయటపడదామా అనే ఉంటుంది. మీరు ముందు ముందు డైవ్ చేయబోయేది చల్లటి నీళ్లలోనే అయితే అక్కడే నేర్చుకోండి, అది న్యాయం. లేకపోతే మొదట వెచ్చగా, ప్రశాంతంగా, ఇన్‌స్ట్రక్టర్ మొహం స్పష్టంగా కనిపించేచోట నేర్చుకుని, చలి సంగతి తర్వాత వేరే కోర్సులో చూసుకోండి. చల్లటి నీళ్లలో ఒళ్లు తడవకుండా వేసుకునే డ్రైసూట్‌కు ఎలాగూ వేరే శిక్షణ ఉంది.

ఇంకో మాట, ఇది చెబితే కొందరికి నిరుత్సాహంగా ఉంటుంది: నేర్చుకోవడానికి అడుగున ఇసుక ఉన్న చోటు మేలు, పగడాలున్న చోటు కాదు. కొత్తవాళ్లకు నీళ్లలో ఒకే లోతులో నిలవడం రాదు. కాళ్లు కిందికి వేలాడతాయి, ఫిన్స్ దేన్నో తన్నుతాయి, చేయి దేన్నో పట్టుకుంటుంది. ఆ "ఏదో" పగడమైతే, దశాబ్దాల పాటు పెరిగింది ఒక్క తన్నుకు విరుగుతుంది. ఇసుకైతే కాసేపు మసకలేచి సర్దుకుంటుంది.

ఈ నిలవడం గురించే ఇంకొంచెం చెప్పాలి. బాయన్సీ అంటారు. స్కూబాలో అసలు విద్య ఇదేనని, మిగతావన్నీ దీని చుట్టూ ఉండే జాగ్రత్తలని నా నమ్మకం. సరిగ్గా బరువులు పెట్టుకున్న డైవర్ ఊపిరి పీలిస్తే ఛాతీ ఉబ్బి కొద్దిగా పైకి లేస్తాడు, వదిలితే కొద్దిగా దిగుతాడు. చిక్కేమిటంటే ఇది వెంటనే జరగదు. ఫ్యాన్ స్విచ్ ఆపాక కూడా రెక్కలు కాసేపు తిరిగినట్టు, ఊపిరి వదిలాక కూడా శరీరం ఒకటి రెండు సెకన్లు పైకే పోతుంటుంది. కొత్తవాళ్లు ఆ సెకన్లు ఆగలేరు. దిగడం లేదే అని బీసీడీలోంచి, అంటే తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లోంచి, గాలి వదిలేస్తారు, అప్పుడు రాయిలా దిగుతారు, మళ్లీ గాలి నింపుతారు, మళ్లీ తేలిపోతారు. ఆ తేలిపోవడం కూడా ఆగదు. పైకి పోతున్నకొద్దీ బీసీడీలోని గాలి దానంతట అదే వ్యాకోచించి ఇంకా వేగంగా లాగుతుంది. దీనికి మందు ఎక్కువసేపు నీళ్లలో ఏ పనీ లేకుండా గడపడమే. చేతులు ముడుచుకుని, ఊపిరితో మాత్రమే పైకీ కిందికీ ఆడుతూ. 3 రోజుల కోర్సులో మొట్టమొదట కోత పడేది దీనికే.

నేర్పడంలో ఒక పాత పద్ధతి ఉంది: విద్యార్థులందర్నీ అడుగున మోకాళ్ల మీద వరసగా కూచోబెట్టి, ఒక్కొక్కరి చేత పని చేయించడం. ఇన్‌స్ట్రక్టర్‌కు సుఖం, అందరూ కళ్ల ముందుంటారు. కూచోవాలంటే బరువుగా ఉండాలి కాబట్టి అవసరానికి మించి సీసం దిమ్మలు తగిలిస్తారు. ఆ బరువును సరిచేయడానికి బీసీడీలో ఎక్కువ గాలి నింపాలి, ఎక్కువ గాలి ఉంటే లోతు మారినప్పుడల్లా ఎక్కువ ఊగిసలాట. పైగా సముద్రంలో మాస్క్‌లోకి నీళ్లు వచ్చేది మీరు మోకాళ్ల మీద కూచున్నప్పుడు కాదు, తేలుతూ పోతున్నప్పుడు. ఈమధ్య మంచి ఇన్‌స్ట్రక్టర్లు మొదటినుంచే తేలుతూ పనులు చేయిస్తున్నారు. ఇలా నేర్చుకుంటే మొదటి గంట నరకంగా ఉంటుంది, ఆ తర్వాతంతా తేలిక. సెంటర్ వాళ్ల ఫొటోలు చూసేటప్పుడు చేపల్ని చూడకండి. విద్యార్థుల మోకాళ్లు చూడండి.

ఇక ఫోన్ చేసి అడగడం. "కోర్సు ఎంత?" అని మొదలుపెడితే సంభాషణ అక్కడే తిరుగుతుంది. నేనైతే ఇలా మొదలుపెట్టమంటాను: "నాకు ఏదైనా పని అనుకున్న టైమ్‌లో రాకపోతే ఏం చేస్తారండీ?" అవతలివాళ్లు తడుముకోకుండా ఏదో ఒక స్పష్టమైన మాట చెప్పాలి. అదనపు పూల్ సెషన్ ఇస్తాం, దానికి ఇంత తీసుకుంటాం అని చెప్పినా సరే, అది నిజాయితీ. "అయ్యో, మా దగ్గర అందరూ పాసవుతారండీ" అన్నారనుకోండి, అది మీకు ధైర్యం చెప్పడానికి అన్నదే కావచ్చు. కానీ మీ ప్రశ్నకు జవాబు కాదు.

ఆ తర్వాత: ఒక ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఎంతమంది ఉంటారు? సముద్రంలో గరిష్ఠంగా 8 మంది వరకూ ఉండొచ్చని పెద్ద ఏజెన్సీల నియమాలు ఒప్పుకుంటాయి. అది హద్దు మాత్రమే, మంచి సంఖ్య అని కాదు. ఎనిమిది మందిలో ఒకరు కంగారుపడి పైకి లేస్తే ఇన్‌స్ట్రక్టర్ ఆ ఒక్కరి వెంట వెళ్లాలా, ఏడుగురి దగ్గర ఉండాలా? నలుగురికి మించకుండా, పక్కన ఒక అసిస్టెంట్ ఉంటే నేను ఒప్పుకుంటాను. మొదటినుంచి చివరిదాకా ఒకే ఇన్‌స్ట్రక్టర్ ఉంటారా, బ్యాచ్ మధ్యలో చేతులు మారుతుందా అన్నది కూడా అడగాలి. పడవ మీద ఆక్సిజన్ కిట్ ఉందా అని అడిగితే వెంటనే "ఉంది, చూపిస్తాం" అనాలి. డైవింగ్ ప్రమాదాల్లో ప్రథమ చికిత్స అంటే చాలావరకూ ఆక్సిజనే. ఎవరైనా ఈ ప్రశ్నకు నవ్వారంటే వాళ్ల పడవ ఎక్కకండి.

మెడికల్ ఫారం గురించి కొంచెం కటువుగానే రాస్తాను. కోర్సుకు ముందు ఆరోగ్యం గురించి ఒక ప్రశ్నాపత్రం ఇస్తారు. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నది 2020లో వైద్య నిపుణులు సవరించినది. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, ఊపిరితిత్తుల సమస్య, గర్భం, రోజూ వేసుకునే మందులు ఇలాంటివి అడుగుతారు. ప్రమాదం ఉన్నచోట "అవును" అని పెడితే డాక్టర్ సంతకం కావాలి. కౌంటర్ దగ్గర ఉన్న మనిషి "అన్నిటికీ నో అని పెట్టేయండి సార్, లేకపోతే లేనిపోని టెన్షన్" అని సలహా ఇవ్వడం వినే ఉంటారు. ఆ సలహాతో అతను తన పని తేలిక చేసుకుంటున్నాడు, రిస్కు మీ మీద వేస్తున్నాడు, సంతకం కూడా మీదే. ఇంతకంటే తేలిగ్గా ఒక సెంటర్‌ను కొట్టిపారేసే అవకాశం మీకు దొరకదు. బయటికి నడవండి. ప్రయాణానికి ముందే ఫారం తెప్పించుకుని, సందేహం ఉన్నచోట డాక్టర్‌కు చూపించుకుంటే అక్కడికెళ్లి ఇరుక్కోనక్కర్లేదు. "అవును" అన్నంతమాత్రాన తలుపు మూసుకుపోదు. చాలామందికి డాక్టర్లు అనుమతి ఇస్తారు.

జలుబు కూడా ఇలాంటిదే, ఫారంలో పట్టుబడదు అంతే. దిగేటప్పుడు ముక్కు మూసి మెల్లగా ఊది చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవాలి, అదీ నొప్పి మొదలవకముందే, ప్రతి మీటరుకూ. ముక్కు బిగుసుకుపోయి ఉంటే ఇది జరగదు. బలవంతంగా దిగితే కర్ణభేరి చిరగొచ్చు. డైవుల రోజునే జలుబు చేస్తే ఏం చేయాలి? ఆగాలి. ఆగే వీలు లేకుండా సెలవు ప్లాన్ చేసుకుంటే ఆగలేరు. మళ్లీ టైమ్ దగ్గరికే వచ్చాం.

కోర్సు చేయాలా వద్దా అని తేల్చుకోవడానికి ముందు ట్రై డైవ్ చేసి చూడమంటారు. డిస్కవర్ స్కూబా వగైరా పేర్లతో, ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని 12 మీటర్లకు మించకుండా తిప్పి తీసుకొస్తాడు. సరదాకైతే నిక్షేపంగా చేయండి. దాన్నిబట్టి "నాకు వచ్చేస్తుంది" అనో "నా వల్ల కాదు" అనో తీర్పు చెప్పుకోకండి. అందులో మీ బీసీడీ ఇన్‌స్ట్రక్టర్ చేతిలో ఉంటుంది, మీరు నేర్చుకునేది చాలా తక్కువ. కంగారుపడ్డవాళ్లు తీరిగ్గా పూల్‌లో మొదలుపెడితే బ్రహ్మాండంగా నేర్చుకున్నారు.

పరికరాల గురించి ఒక్క మాటే: మీ మొహానికి సరిపోయే మాస్క్ కొనుక్కోండి, మిగతావన్నీ అద్దెకు దొరుకుతాయి. ఫ్లైట్ గురించి ఇంకో మాట. లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి, విమానంలో గాలి ఒత్తిడి తక్కువ. అందుకని ఒకే డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, పదేపదే డైవులు చేస్తే కనీసం 18 గంటలు ఆగమని డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన. కోర్సులో ఎప్పుడూ రెండోదే వర్తిస్తుంది. నేనైతే ఒక రోజు పూర్తిగా వదిలేస్తాను.

కార్డు చేతికి రాకముందే మీకు ఇంకోటి అమ్మజూపుతారు: ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్ రెండూ కలిపి కాంబో. అడ్వాన్స్‌డ్ అంటే పరీక్షల మీద పరీక్షలు ఉంటాయనుకునేరు, పాడిలో అది 5 డైవులు. మొదటి కోర్సు అయిన మర్నాడే మొదలుపెట్టొచ్చు. అంటే జీవితంలో మొత్తం 9 డైవులు చేసిన మనిషి చేతికి 30 మీటర్ల కార్డు వస్తుంది. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి 4 అట్మాస్ఫియర్లు, సిలిండర్‌లో గాలి పైన అయ్యేదానికంటే నాలుగు రెట్లు వేగంగా అయిపోతుంది. పాడి టేబుల్ ప్రకారం 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు ఉండొచ్చు, 30 దగ్గర 20 మాత్రమే. నైట్రోజన్ మత్తు కూడా ఆ లోతుల్లోనే పలకరిస్తుంది, ఆ మత్తులో తప్పు లెక్క కూడా సరిగ్గానే అనిపిస్తుంది. ఈ ఐదు డైవుల్లో దిక్సూచి చూస్తూ దారి పట్టడం ఒకటి తప్పనిసరి. ఒకే లోతులో నిలవడం ఇంకా చేతకాని మనిషి దిక్సూచి చూస్తే లోతు మర్చిపోతాడు, లోతు చూస్తే దిక్కు మర్చిపోతాడు. చివరికి ఇన్‌స్ట్రక్టర్ ఫిన్స్ చూస్తూ ఈదుకుంటూ వెళ్లి కార్డు తెచ్చుకుంటాడు. మధ్యలో 12 మీటర్ల లోపు, గైడుతో, తాపీగా ఇరవై దాకా డైవులు చేసి అప్పుడు ఆ కోర్సుకు వెళ్తే ఆ ఐదింటిలో నిజంగా నేర్చుకునేది ఉంటుంది. కాంబో మీద ఎంత తగ్గింపు ఇస్తామన్నా నేను వద్దనే అంటాను.